ఎలుక మెదడులో నల్లచుక్క

మా షెడ్డులో వినాయకుడి పటం పక్కన ఆరేళ్లపాటు ఒక ఎలుక మెదడు ఫొటో వేలాడింది. ఆళ్లగడ్డలో మాది శిల్పాలు చెక్కే షెడ్డు. విగ్రహం చెక్కిద్దామని వచ్చినవాళ్లు ముందు స్వామికి దండం పెట్టుకుని, తర్వాత ఆ ఫొటో చూసి "ఇదేందప్పా?" అని అడిగేవాళ్లు. మా నాయన ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉండేవాడు.

"మా పాప తీసింది. ఎలక మెదడు. ఆ నల్లచుక్క చూసినావా? అవి బతికిన కణాలు. మనిషి కణాలు. చెడిపోయిన మెదడును బాగుచేస్తాండాయి," అని చెప్పి, చివర్లో "స్వామి వాహనమే కదా, అందుకే పక్కన పెట్టినా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆ సమయానికి నేనక్కడ ఉంటే మాత్రం ఏదో పని ఉన్నట్టు వెనక్కి పోయేదాన్ని. ఆ చుక్కలో బతికిన కణం ఒక్కటి కూడా లేదని నాకు తెలుసు.

నేను నంద్యాలలో ఒక స్కానింగ్ సెంటరులో ఎం.ఆర్.ఐ. టెక్నీషియన్ని. బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసి నడుము పోగొట్టుకున్నవాళ్లు, బండి మీద నుంచి పడి తల పగిలినవాళ్లు, పది రోజులుగా తలనొప్పి తగ్గక భయపడుతూ వచ్చేవాళ్లు, వీళ్లతోనే నా రోజు గడుస్తుంది. లోపలికి పంపేముందు అందరినీ అవే ప్రశ్నలు అడుగుతాను. మంగళసూత్రం తియ్యనని మొండికేసే ముసలమ్మలతో రోజుకొకసారైనా గొడవ పడతాను. నాకు ఓపిక తక్కువని సెంటరులో అందరికీ తెలుసు. మా నాయన పోలిక అంటారు, నేను ఒప్పుకోను.

నంద్యాలకు రాకముందు హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో నాలుగేళ్లు ఎలుకలకు స్కానింగ్ చేశాను. ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు మా అమ్మ, "మనుషులకు చేసే చదువని చదివిస్తిమి, ఎలకలకు చేసేదేంది?" అంది.

అక్కడ పని ఇది. ఎలుకకు మత్తిచ్చి, మెదడుకు పోయే రక్తనాళం ఒకటి మూసి, పక్షవాతం తెప్పిస్తారు. తర్వాత చెడిన భాగానికి కాస్త దూరంలో మనిషి మూలకణాలు ఎక్కిస్తారు. శరీరంలో ఏ రకం కణంగానైనా ఎదగగలిగే లేతకణాలవి. ఎక్కించాక అవి ఎటు పోయాయి, ఉన్నాయా పోయాయా అన్నది ఎలా తెలియాలి? అంతకుముందు వారానికొక ఎలుకను చంపి మెదడు కోసి చూసేవాళ్లట. మా పద్ధతిలో కణాలకు ముందే గాజుపాత్రలో ఇనుము మేపుతాం. బడిలో అయస్కాంతంతో ఆడుకునే ఇనుప రజను కాదు, దాన్ని వెయ్యి సార్లు నూరినా రానంత మెత్తటి పొడి. ఇనుము ఉన్నచోట ఎం.ఆర్.ఐ. బొమ్మ నల్లబడుతుంది. కాబట్టి తల కొయ్యకుండానే, అదే ఎలుకను వారం వారం మిషన్లో పడుకోబెట్టి ఆ నలుపు ఎటు నడుస్తోందో చూడొచ్చు. నా పని ఆ చూడటమే.

మొదటి కొన్ని ఎలుకల్లో నలుపు వేసినచోటే ఉండిపోయింది. ఒకదానిలో మాత్రం కదిలింది. మొదటి వారం ఆవగింజంత చుక్క. రెండో వారం దానికి సన్నటి తోక మొలిచింది. నాలుగో వారానికి ఆ తోక చెడిన భాగం అంచుదాకా పాకింది. ఆ ఎలుక అప్పటికి సన్నటి కర్ర మీద జారకుండా నడుస్తోంది కూడా. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఇంత చిన్న ప్రాణానికి పోయిన కాలు తిరిగొచ్చిందంటే, దాన్ని మొదట చూసిన కళ్లు నావంటే, గర్వంగా ఉండదా? ఆ బొమ్మను పెద్దదిగా ప్రింటు తీయించి, చుట్టి, ఆళ్లగడ్డ బస్సెక్కాను. నాయనకు కూర్చోబెట్టి అంతా చెప్పాను. రాతిలో బొమ్మను చూసే మనిషికి నలుపూ తెలుపూ చూడటం ఎవరూ నేర్పక్కర్లేదు. "కణాలు వాటంతట అవే దారి ఎతుక్కుంటా పోయినాయా?" అని మూడుసార్లు అడిగాడు. మర్నాటికి ఫొటో అద్దం కట్టించుకుని గోడెక్కింది.

మూడు నెలల తర్వాత ఆ ఎలుక మెదడు కోశారు. మనిషి కణాలు ఉంటే రంగు పట్టే మందు ఒకటి ఉంటుంది, అది వేసి మైక్రోస్కోపు కింద పెట్టారు. రంగు ఎక్కడా పట్టలేదు. ఇనుము మాత్రం ఉంది. మెదడులో చెత్త ఊడ్చే కణాలుంటాయి. మేమెక్కించినవి చచ్చిపోతే వాటిని ఇనుముతో సహా ఇవి మింగేశాయి. నెలల తరబడి నేను వెంటపడి చూసింది వీటి నడకనే. కర్ర మీద నడిచిన సంగతి అంటారా, ఏ కణాలూ ఎక్కించని ఎలుకలు కూడా ఆపాటికి దాదాపు అంతే నడుస్తున్నాయి. మా గైడు మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "మిషన్ అబద్ధం చెప్పలేదమ్మా. ఇనుము ఎక్కడుందో చెప్పింది. బతికుందని మనమే అనుకున్నాం," అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

తర్వాత ఆ ఉద్యోగం ముగిసింది. నంద్యాలకు వచ్చేశాను. నాయనకు మాత్రం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో చెప్పాలంటే మా షెడ్డు సంగతి కొంత తెలియాలి. రాయి చేతిలో పగలడం మా పనిలో మామూలే. లోపల కనపడని నెర్ర ఉంటుంది, ఒక్క దెబ్బకు వేలో ముక్కో లేచిపోతుంది. అందుకని ఎవరినీ తిట్టరు. కానీ రాయి పగిలితే అన్నం ముందు కూర్చోకముందే చెప్పాలి. ఎవరి చేతిలో పగిలిందో వాళ్లే చెప్పాలి, వాళ్లే ఆ ముక్కను మోసుకుపోయి వెనక రాతిపెళ్లల గుట్ట మీద వెయ్యాలి. చెప్పకుండా రాతిపొడిని బంకలో కలిపి అతుకు పెడితే ఇక వాడికి షెడ్డులో చోటు లేదు. ఇది మా నాయన పెట్టిన రూలు కాదు, మా తాత నాటి నుంచీ ఉన్నది.

ఒకసారి పగిడ్యాల వాళ్ల అమ్మవారి చిటికెనవేలు నాయన చేతిలోనే లేచిపోయింది. అతికితే ఎవరికీ కనపడదు. అప్పుడు అమ్మ సంగటి గిన్నె దించి పిలుస్తోంది. ఆయన ఆ వేలుముక్కను గుడ్డలో మూటగట్టి, బస్సులు మారి పగిడ్యాల పోయి, ఊరి పెద్దలకు చూపించి, రాత్రికి తిరిగొచ్చి అప్పుడు తిన్నాడు. నాకప్పుడు పదేళ్లు. వేలు పోయినందుకు కాక అన్నం చల్లారినందుకు అమ్మ సణగడం నాకు గుర్తుంది.

అలాంటి ఇంట్లో పుట్టి నేను చెప్పలేదు. మొదటిసారి ఊరికి పోయినప్పుడు చెబుదామనుకున్నాను. అప్పుడే నాయన ఎవరో నలుగురికి ఫొటో చూపిస్తున్నాడు. రెండోసారికి చెప్పడం కష్టమైంది. ఏడాది గడిచాక ఇంకేం చెబుతాం? దొంగకు తేలు కుట్టినట్టు గమ్మున ఉండిపోయాను. పోనీ, ఆ ఫొటో వల్ల ఎవరికేం నష్టం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నష్టం నిరుడు వచ్చింది. నాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కాలూ పడిపోయాయి. నంద్యాల ఆసుపత్రిలో ఆ పూట సీటీ స్కాన్ చేసి మందులిచ్చి ప్రాణం నిలబెట్టారు. మాట నిలిచింది, కాలు నెలకు కుదిరింది. చెయ్యి మాత్రం భుజం నుంచి వేలాడుతూ ఉండిపోయింది. వేళ్లు కొంచెం ముడుచుకుంటాయి, అంతే.

అప్పటికి షెడ్డులో పాణ్యం దగ్గరి ఒక ఊరివాళ్ల అమ్మవారి విగ్రహం సగంలో ఉంది. నాయన దగ్గర ముప్పై ఏళ్లుగా పనిచేసే ఒకాయన ఉన్నాడు, మేము చిన్నాయన అని పిలుస్తాం. ఒళ్లంతా ఆయన చెక్కి ముగించాడు. మొహం మాత్రం నాయన ముట్టుకోనివ్వలేదు. మా షెడ్డులో మొహాలు ఎప్పుడూ ఆయనవే. కళ్లూ పెదవులూ లేని ఆ రాతికి టార్పాలిన్ పట్ట కప్పించి, "చెయ్యి వస్తాది. నేనే చేస్తా," అన్నాడు. ఊరివాళ్లు రెండుసార్లు వచ్చిపోయారు. మూడోసారి వచ్చినప్పుడు చిన్నాయన మొహం చాటేశాడు.

ఆరు నెలలకు నాయన ఫోనులో ఒక వీడియో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఏదో పెద్ద నగరంలో ఒక క్లినిక్. పక్షవాతానికి నడుములో సూదితో మూలకణాలు ఎక్కిస్తారట. వైద్యానికి ముందు మెదడు బొమ్మ, తర్వాత బొమ్మ, తర్వాతి దాంట్లో మెదడు నిండా రంగులు. కొత్తగా ఎం.ఆర్.ఐ. తీయించుకుని రమ్మన్నారట.

"నువ్వే తియ్యి. బయట ఎవరితోనో యాలా?" అన్నాడు.

"అవి ఇంకా పరీక్షల్లోనే ఉండాయి నాయనా. అట్ల ఊరకే అమ్మకూడదు. వాళ్ల మాట నమ్మొద్దు."

"నీ మాటే నమ్ముతాండా. నీ ఎలకకు చేసిందే కదా వాళ్లు చేసేది? ఎలకకు పనికొచ్చింది నాకు పనికిరాదా?"

దానికి నా దగ్గర జవాబుంది. అది చెప్పకుండా, "సరే, రేపు తీస్తా," అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి ఆయన అని తిట్టుకున్నాను గానీ, ఆ కుందేలును చేతికిచ్చింది నేనే.

మర్నాడు సెంటరుకు తీసుకుపోయి అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను. "ఒంట్లో ఇనుము ఏమన్నా ఉందా?"

"ల్యాదు."

ఇంకెవరైనా అయితే ఆ మాటతో లోపలికి పంపేవాళ్లు. కానీ ఉలి తల దెబ్బలు తినీ తినీ అంచులు విచ్చుకుంటుందనీ, ఆ అంచులు తునిగి కంట్లో పడతాయనీ షెడ్డులో పెరిగినదానికి తెలియదా? మా అమ్మ దగ్గర పాత రేడియో స్పీకరులోని అయస్కాంతం ఒకటి ఉండేది. ఎవరి కంట్లో పడినా రెప్ప విప్పి దాన్ని దగ్గర పెట్టేది. చిన్న ముక్క ఎగిరొచ్చి అతుక్కునేది. "అవన్నీ మీ అమ్మ ఎప్పుడో తీసేసింది," అన్నాడు నాయన. ఎందుకైనా మంచిదని ఎక్స్‌రే తీయించాను. కుడికన్ను వెనక నూకంత తెల్లటి చుక్క కనిపించింది. ఏ కాలం నాటిదో. ఎం.ఆర్.ఐ. అయస్కాంతం ముందు అది కదిలిందంటే కన్ను పోతుంది.

ఊళ్లోవాళ్ల తలలన్నీ చూసే మిషన్‌తో మా నాయన తల చూడలేను. ఆ నిమిషం బాధ వెయ్యాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషం వేసింది. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. బయటికొచ్చి, "నీకు ఎం.ఆర్.ఐ. కుదరదు. అది లేకుంటే వాళ్లు కణాలెయ్యరు. ఇంగ ఆ మాట వదిలెయ్," అన్నాను. మొదటి మాట నిజం. రెండోది నేను కల్పించింది. ఆయన ఆ ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. నేను ఆ మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను.

నాలుగు రోజులకు అమ్మ ఫోను చేసింది. "వాళ్లను అడిగినాడంట. సీటీ ఉన్నా చాలు రమ్మన్నారంట. సోమవారం పోతాండాడు. నీకు చెప్పొద్దన్నాడు," అంది. చెప్పొద్దన్నాడన్న మాట నన్ను పొడిచింది. నేను అడ్డం పడుతున్నానని ఆయనకు అర్థమైంది. ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున్నే ఆళ్లగడ్డ పోయాను. శిరివెళ్ల దాటేదాకా ఎలా మొదలుపెట్టాలో వల్లె వేసుకుంటూనే ఉన్నాను. షెడ్డుకు చేరేసరికి అంతా మర్చిపోయాను. చిన్నాయన ఒక నంది వీపు నున్నచేస్తున్నాడు. నాయన పట్ట కప్పిన విగ్రహం పక్కన కుర్చీలో ఉన్నాడు. వెనక ఇంట్లోంచి అమ్మ తాలింపు వాసన వస్తోంది.

"నాయనా, అన్నం తినకముందు ఒక మాట చెప్పాల," అన్నాను.

మా షెడ్డులో ఆ మాటకు ఒకటే అర్థం. చిన్నాయన చెయ్యి ఆగిపోయింది. నాయన తల తిప్పి ఒక్కో విగ్రహాన్నీ చూశాడు, ఏ రాయి పగిలిందా అని. అన్నీ బాగానే ఉన్నాయి.

నేను గోడ మీది ఫొటో చూపించాను.

"ఆ చుక్కలో బతికిన కణాలు లేవు. అన్నీ చచ్చిపోయినాయి. కోసి చూసినారు. ఉన్నది వాటికి మేము మేపిన ఇనుమే. చెత్త ఊడ్చే కణాలు దాన్ని మింగి తిరుగుతాంటే, అదే నడకని నేను నీకు చెప్పినా. కణాలెయ్యని ఎలకలు గూడా అంతే నడిచినాయి."

ఆయన వంగి, ఎడమచేత్తో కింద పడున్న పెళ్ల ఒకటి తీసుకున్నాడు. చెక్కేముందు రాయి మీద ఎర్ర జాజురంగుతో గీతలు గీస్తాం. ఆ పెళ్ల మీద గీత చెక్కుచెదరకుండా ఉంది.

"ఇట్లనా?" అన్నాడు. "రాయి లేచిపోయినా గీత ఉంటాది. గీత చూసి రాయుందనుకుంటిమి."

"ఇట్లనే."

"ఇది నీకు తెలిసి ఎన్నేండ్లాయ?"

"ఆరేండ్లు."

ఆయన కోపంగా అరిచుంటే బాగుండేది. అరవడం నాకు అలవాటే, తిరిగి అరుస్తాను. ఆయన నా మొహంలోకి చూసి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు, నెమ్మదిగా అడిగాడు.

"ఆరేండ్లు అన్నం ఎట్ల తిన్నావ్ మ్మా?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఎడమచేత్తో గోడవైపు చూపించాడు. నేను స్టూలెక్కి ఫొటో దించాను. నా చేతిలో పగిలిన రాయి కదా, నేనే మొయ్యాలి. షెడ్డు వెనక్కి పోయి పెళ్లల గుట్ట మీద పెట్టి వచ్చాను. వినాయకుడి పక్కన గోడ మీద నలుచదరంగా తెల్లటి జాగా మిగిలింది.

తిరిగొచ్చి స్టూలు మీద కూర్చునేసరికి నాయన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"ఇప్పుడు దీని సంగతి చెప్పు. ఇది వస్తాదా?"

ఆరేళ్లు దాచడం అలవాటైన నోరు. ఒక్క క్షణం 'చూద్దాంలే నాయనా' అనబోయింది. ఆపుకున్నాను.

"రోజూ కసరత్తు చేస్తే ముద్ద పట్టుకునేంత రావచ్చు. ఉలి పట్టేంత రాదు."

"ఆ కణాలేసినా?"

"ముందుముందు ఎవరికన్నా పనికొస్తాయేమో. నిజంగా పరీక్షలు చేసేవాళ్లు చేస్తాండారు. ఇప్పుడు వాళ్లు వీడియోలో చూపించేది మాత్రం అతుకే."

లోపల్నుంచి అమ్మ అన్నానికి పిలిచింది. నాయన లేచి, పట్ట అంచు పట్టుకుని ఎడమచేత్తో లాగాడు. సగం జారి ఆగిపోయింది. సాయం చేద్దామని నేను లేవబోతే వద్దన్నట్టు చూశాడు. రెండోసారి లాగితే మొత్తం ఊడొచ్చింది. మొహం లేని అమ్మవారు దుమ్ములో నిలబడి ఉంది. ఆ నున్నటి రాతిమీద ఒకసారి చెయ్యి పెట్టి తీశాడు.

"ఏమప్పా," అని చిన్నాయనను పిలిచాడు. "మొహం నువ్వు పట్టుకో."

"నేనా అన్నా?" అన్నాడు చిన్నాయన. ముప్పై ఏళ్లలో ఆయన ఒక్క మొహానికీ ఉలి పెట్టలేదు.

"నువ్వే. కండ్ల కాడికి వచ్చినప్పుడు పిలువు. పక్కన కూసుంటా."

చిన్నాయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. అమ్మ మళ్లీ పిలిచింది, ఈసారి కొంచెం గట్టిగా. నేను ఇంకా స్టూలు మీదే కూర్చుని ఉన్నాను. నాయన వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఇది మాత్రం అడిగిన పూటే చెప్పినావ్," అన్నాడు. "లెయ్. ఇంగ అన్నం తిందాం పా."